ఒకే గేటుకి నాలుగు తాళాలు

బాబాయి పోయాడన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. అదీ టవర్ల మెయింటెనెన్స్ గ్రూపులో. పైన 'కరెంటు పోయింది, జనరేటర్ ఆన్ చేశాం' అని ఒక మెసేజ్, కింద 'బ్యాటరీలు చార్జింగ్ ఎక్కడం లేదు' అని ఇంకొకటి, రెంటికీ మధ్య ఆయన పోయాడని ఒక లైను, దండం పెట్టే బొమ్మలు మూడు. నేను నమ్మలేదు. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే నిజమేనన్నాడు. అప్పటికీ నమ్మకుండా మాచర్లలో ఆయన వీధి చివర టీ కొట్టు అతనికి చేశాను. "మట్టికి పోవాల సార్, కొట్టు కట్టేస్తన్నా" అన్నాడు అతను. అప్పుడు కూర్చున్నాను. ఒక మాట ముగ్గురి నోట వింటే తప్ప నమ్మకపోవడం ఆ బాబాయి దగ్గర నాకు అంటుకున్న అలవాటే.

బాబాయి అంటే మా నాన్న తమ్ముడు కాదు. ఆయన మాచర్ల ముస్లిం, జనరేటర్ల మెకానిక్కు. నేను శావల్యాపురం వైపు రైతుల ఇంటి పిల్లాణ్ణి. మమ్మల్ని కలిపింది ఒక సెల్ టవర్. దుర్గి దాటాక ఒక గుట్ట మీద ఉంటుంది. ఆయన కాంట్రాక్టరు కింద దాన్ని చూసుకునే టెక్నీషియన్, నేను దాని మీద సామాను పెట్టుకున్న ఒక ఫోన్ కంపెనీలో కొత్తగా చేరిన ఇంజనీరుని.

టవర్ కనబడితే అదేదో ఒక కంపెనీ సొంతం అనుకుంటాం. నేనూ ఉద్యోగంలో చేరేదాకా అలాగే అనుకున్నాను. చాలాచోట్ల అలా ఉండదు. ఇనప టవరు, జనరేటరు, బ్యాటరీలు, చుట్టూ కంచె ఒక టవర్ కంపెనీవి. ఫోన్ కంపెనీలు వచ్చి అద్దెకి దిగి, తలా ఇన్ని యాంటెనాలు పైన కట్టుకుని, కింద తలా ఒక బీరువా లాంటి పెట్టె పెట్టుకుంటాయి. బజార్లో ఒకరి కస్టమర్ని ఒకరు లాక్కునే కంపెనీలు గుట్ట మీద ఒకే జనరేటర్ మీద బతుకుతాయి. మా గుట్ట మీద మూడు ఉండేవి. పెద్ద కంపెనీ, రెండో కంపెనీ, మాది. మాది అన్నిట్లోకీ చిన్నది.

ఒకరినొకరు నమ్మని వాళ్ళు ఒకే కాపురం చేస్తే ఎలా ఉంటుందో అక్కడ చూడాలి. మా సిగ్నల్ కాస్త తగ్గితే పెద్ద కంపెనీ వాళ్ళు మా యాంటెనాని పక్కకి తిప్పారనుకునేవాళ్ళం. వాళ్ళ కేబుల్ని ఎలక కొరికితే వాళ్ళు మా వైపు చూసేవాళ్ళు. ఆ ఎలక ఏ కంపెనీదో తేల్చమని మా పైఅధికారి ఒకాయన నిజంగానే నన్ను ఫోటోలు పంపమన్నాడు. కింద ఊళ్ళో వాళ్ళకి ముగ్గురి మీదా అనుమానమే, ఒకే టవరు మీద మూడు కంపెనీలంటే మూడింతల వేడి వస్తుందని. ఇంతమంది అనుమానాల మధ్య మా బాబాయి ఒక్కడు ఉండేవాడు. ఆయనకి మా అందరి మీదా అనుమానం.

నేను మొదటిసారి గుట్ట ఎక్కినప్పుడు ఆయన గేటు తియ్యలేదు. ఐడీ కార్డు చూపించమన్నాడు. చూపించాను. హెల్మెట్ తీయమన్నాడు. తీశాను. కార్డు మీద ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, మా పైఅధికారి నంబర్ అడిగి, నా ఎదురుగానే ఫోన్ చేశాడు.

"సార్, మీ పిల్లోడు ఒకడొచ్చాడు. ఎట్టా ఉంటాడు మీవోడు? పొట్టా, పొడుగా?"

అటు నుంచి ఏం చెప్పారో గానీ, నన్ను పైనుంచి కిందకి చూసి, "ఆఁ, పొట్టిగానే ఉండాడు సార్" అని ఫోన్ పెట్టేశాడు. "రండి సార్ లోపలికి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏడుపూ వస్తుంది.

డీజిల్ ట్యాంకు మూత మీద ఒక గులకరాయి పెట్టి వెళ్ళేవాడు, ఎవరన్నా తెరిస్తే తెలియాలని. బ్యాటరీల గది తలుపు బోల్టు మీద సుద్దతో గీత గీసేవాడు. తాళం వేశాక రెండుసార్లు లాగి చూసేవాడు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ ఒకసారి లాగేవాడు. నేను ఏదన్నా చెప్పబోతే అడ్డుపడేవాడు. "సార్, మీరు చూసింది చెప్పండి. అనుకున్నది చెప్పమాకండి." శుక్రవారం నమాజుకి మాచర్ల వెళ్ళేటప్పుడు కూడా జేబులో తాళంచెవి ఉందో లేదో టోపీ పెట్టుకున్నాక ఒకసారి తడిమి చూసుకునేవాడని టీ కొట్టు అతను చెప్పేవాడు.

ఇక తాళాల సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆ గేటు ఒకటే, లోపలికి వెళ్ళాల్సిన వాళ్ళు నాలుగు రకాలు. అందరికీ ఒకే తాళంచెవి ఇస్తే ఎవరు పోగొట్టినా గొడవ. అందుకని గొలుసు రెండు కొసల మధ్య నాలుగు తాళాలు ఒకదానిలో ఒకటి దూర్చి వేసేవాళ్ళు. ఎవరి తాళం వాళ్ళు తీసుకున్నా గొలుసు విడిపోతుంది, గేటు తెరుచుకుంటుంది. వెళ్ళేటప్పుడు మళ్ళీ పక్కవాడి తాళంలో మన తాళం దూర్చి వెయ్యాలి. బాబాయి గుర్తు కోసం వాటికి రంగులు వేశాడు. ఆయనది ఆకుపచ్చ, పెద్ద కంపెనీది ఎరుపు, రెండోదానిది పసుపు, మాది నీలం. తొందరలో పక్క తాళాన్ని వదిలేసి దాని అవతలి దానికి దూర్చామనుకోండి, మధ్యలోది ఊరికే వేలాడుతుంది. ఆ తాళం వాడికి చెవి ఉన్నా గేటు రాదు. బాబాయి వచ్చినప్పుడూ పోయేటప్పుడూ ఆ నాలుగు తాళాల వరసని ఫోన్‌తో ఫోటో తీసుకునేవాడు. ఇదేం పిచ్చి అని మేం నవ్వుకునేవాళ్ళం.

నేను చేరిన ఏడాదే ఒక వేసవి సాయంత్రం గాలివాన వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను గుట్ట మీదే ఉన్నాను. మబ్బు కమ్ముకొస్తుంటే పని ముగించి, తాళం వేసి, బండి మీద నరసరావుపేట దారి పట్టాను. ఆ వానకి కరెంటు పోయింది. తనంతట తను ఆన్ అవ్వాల్సిన జనరేటర్ అవ్వలేదు. బ్యాటరీలు ఉన్నంతసేపు లాగి, తెల్లారేసరికి చచ్చిపోయాయి. ఒక్క టవర్ మీదే మూడు కంపెనీలూ ఉండటంతో చుట్టుపక్కల ఐదారు ఊళ్ళలో ఏ ఫోనూ పలకలేదు. అందులో ఒక ఊళ్ళో నొప్పులు పడుతున్న పిల్ల ఉంది. 108కి ఫోన్ కలవక ట్రాక్టర్ మీద మాచర్ల తీసుకెళ్ళారు. తల్లీబిడ్డా బతికారు. కానీ ఆ పిల్ల అన్నదమ్ములు మధ్యాహ్నం కర్రలు తీసుకుని గుట్ట మీదకి వచ్చారు. అప్పటికి గంట ముందే, పదకొండింటికి, బాబాయి గొలుసు కోసి లోపలికి వెళ్ళి జనరేటర్ వేశాడట.

నాలుగు రోజులకి విచారణ పెట్టారు. అందరం గుట్ట మీదే, ఆ టవరు నీడలోనే నిలబడ్డాం. నేను అప్పటికే ఒక మెయిల్ రాసి పెట్టాను. ఆ టెక్నీషియన్ కావాలనే రాలేదని, పెద్ద కంపెనీ వాళ్ళ మాట వింటాడని, మా సైట్ విషయంలో ఆయన మీద నాకు మొదటినుంచీ అనుమానమని. ఆధారం ఏమీ లేదు, అనుకున్నదే రాశాను. ఇంగ్లీషులో రాస్తే అదే నిజంలా కనబడింది నాకు.

టవర్ కంపెనీ ఆఫీసరు బాబాయిని అడిగాడు. "పొద్దున్నే వచ్చావంటున్నావు. మరి గేటు తియ్యడానికి పదకొండయిందేంది?"

బాబాయి కుడి అరచేతికి గుడ్డ కట్టుంది. ముళ్ళకంచె ఎక్కబోతే కోసుకుందని తర్వాత తెలిసింది. తల వంచుకుని చెప్పాడు. "తాళంచెవి ఇంటికాడ మర్చిపోయా సార్. మళ్ళా మాచర్ల పోయి కట్టర్ తెచ్చేతలికి అంత టైమైంది. తప్పు నాదే."

తాళంచెవి మర్చిపోవడమా! అక్కడున్న వాళ్ళలో ఆయన్ని ఎరిగినవాడు ఎవడైనా ఆ మాట నమ్మకూడదు. నేను మాత్రం నమ్మాను. పైగా లోపల్లోపల సంతోషించాను. ఆయన్ని గుట్ట మీద నుంచి తీసేసి పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పక్కనున్న టవర్లకి వేశారు.

వెళ్ళేరోజు కొత్తవాడికి అన్నీ అప్పగిస్తూ నన్ను పక్కకి పిలిచాడు. "సార్, ఒకసారి ఇట్టా రండి." ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. గాలివాన మర్నాడు పొద్దున తీసింది. నీలం తాళం ఎర్ర తాళంలో దూర్చి ఉంది. ఆ రెంటి మధ్య ఉండాల్సిన ఆకుపచ్చ తాళం పక్కకి వేలాడుతోంది.

"నీలంది ఎవరిది సార్?" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వాన తరుముతుంటే నేను వేసిన తాళం అది. ఆయన చెవి ఆయన జేబులోనే ఉంది, గేటే రాలేదు. నాకు ఫోన్ చేద్దామన్నా ఆ గుట్ట దగ్గర సిగ్నల్ ఇచ్చేది ఆ టవరొక్కటే.

"మరి ఇది చూపించలేదే?" అని అడిగాను.

"చూపిస్తే ఏమైద్ది? నీలం తాళమోడు కావాలనే చేశాడంటారు ఆ ఇద్దరూ. కాదంటారు మీవోళ్ళు. రేప్పొద్దున ఎవురి కంచె వాళ్ళు, ఎవురి గేటు వాళ్ళు. అప్పుడు మూడు గేట్లు తియ్యాల్సింది నేనే గదా!" అని నవ్వాడు. తర్వాత మొదటిసారి సార్ అనడం మానేశాడు. "పో అబ్బాయ్. తాళం వేసేటప్పుడు పక్కనోడి తాళం చూసుకో. చాలు."

నేను బతిమాలినట్టు అన్నాను. "ఆ ఫోటో తీసెయ్యి బాబాయ్." బాబాయ్ అని పిలవడం కూడా అదే మొదలు. దాని వెనక ప్రేమ ఏమీ లేదు, భయమే.

"ఎందుకు తీసెయ్యాల? రోజూ తీసేవాటిల్లో అదొకటి. ఉండనీ" అన్నాడు.

ఆ 'ఉండనీ' నన్ను చాలా ఏళ్ళు నిద్రపోనివ్వలేదు. మూడు గేట్ల మాట నేను నమ్మలేదు. ఊరికే ఎవడు తప్పు నెత్తిన వేసుకుంటాడు? ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి అడుగుతాడు, అడిగినప్పుడు కాదనకుండా ఉండటానికి ఆ ఫోటో దాచుకున్నాడు అనుకున్నాను. ఎనిమిది నెలలకి ఆయన్ని మళ్ళీ గుట్ట మీదకే వేశారు. అప్పటికి సున్నపు దుమ్ముకి దగ్గు పట్టుకుంది. నేను తల ఎత్తి ఆయన మొహం చూడలేకపోయేవాణ్ణి. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే గులకరాయి సర్దుకునేవాడు.

తర్వాత నాకు ప్రమోషన్ వచ్చింది. నరసరావుపేట ఆఫీసులో కూర్చుని తెర మీద పచ్చ చుక్కలూ ఎర్ర చుక్కలూ చూసే పని. అప్పటి నుంచీ బాబాయి ఫోన్లు మొదలయ్యాయి. నెలకి రెండు, మూడు. గాలివానల రోజుల్లో అయితే వారంలోనే నాలుగైదు.

"ఆఁ, అబ్బాయ్. బాగుండావా? తిన్నావా? సరే, ఉంటా." అంతే.

పొద్దున పదకొండింటికి తిన్నావా అని అడగడానికి ఎవరైనా ఫోన్ చేస్తారా? అడగబోయిన మాటేదో గొంతులో ఆగిపోయిందనుకునేవాణ్ణి. కూతురు పెళ్ళప్పుడు అడుగుతాడనుకున్నాను, అడగలేదు. అల్లుడు ఖాళీగా ఉన్నాడని తెలిసినప్పుడు ఏం చెప్పి తప్పించుకోవాలో ముందే సిద్ధం చేసుకున్నాను, అడగలేదు. ఒకసారి విసిగిపోయి నేనే అనేశాను. "నీకు ఏం కావాలో చెప్పు బాబాయ్."

"నాకేం గావాల? నీ గొంతు వినపడతంది. అంతే గదా" అని పెట్టేశాడు. ఎంత తెలివిగా మాట్లాడుతున్నాడో అనుకున్నాను.

ఆయన పోయిన రోజు నేను మాచర్ల చేరేసరికి మట్టి అయిపోయింది. ఖబరస్తాన్ నుంచి తిరిగొస్తున్న మగవాళ్ళు ఎదురయ్యారు. వాళ్ళ మధ్య నిలబడి నేను ఆలోచించింది ఏమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. అయినా చెబుతాను. ఆయన ఫోన్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అనుకున్నాను.

పది రోజుల తర్వాత ఇంటికి వెళ్ళాను. పరామర్శకే వెళ్ళానని నాకు నేను చెప్పుకున్నాను. పిన్ని ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక ఆ నాలుగు నెలల పది రోజులూ పరాయి మగవాళ్ళ ఎదటికి రాకూడదు. లోపలి గదికి పరదా కట్టారు, ఆమె దాని వెనక కూర్చుంది. పిడుగురాళ్ళలో కాపురముంటున్న కూతురు నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన ఫోన్లు రెండు బల్ల మీద ఉన్నాయి. నేను వాటి వైపే చూస్తుండటం ఆ అమ్మాయి గమనించినట్టుంది.

"అందులో ఏమీ లేవు సార్. పాతది నీళ్ళ డ్రమ్ములో పడిపోయి నాలుగేళ్ళయింది. ఫోటోలన్నీ దాంతోనే పోయినయ్యి" అంది.

నాలుగేళ్ళు! ఈ నాలుగేళ్ళూ లేని ఫోటోకి నేను భయపడుతూ ఉన్నాను.

"మరి రెండు ఫోన్లు ఎందుకమ్మా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మూడు కంపెనీల సిమ్ములు సార్. రిపేరు చేసినప్పుడల్లా మూడింటి నుంచీ తలా ఒక ఫోన్ చేసి చూసుకునేవాడు. తెర మీద పచ్చలైటు వెలిగితే సిగ్నల్ వచ్చినట్టు గాదమ్మా, మనిషి గొంతు వినపడాల అనేవాడు. ఏ కంపెనీ సిమ్ముకి ఆ కంపెనీ నంబరే కావాల, లేకపోతే తేడా ఎవురిదో తెలవదు అనేవాడు. పెద్ద కంపెనీ సిమ్ము నుంచి నాకు చేసేవాడు. రెండోది మా మామకి. మీ కంపెనీ సిమ్ము మా చుట్టాల్లో ఎవురికీ లేదు సార్." ఆ అమ్మాయి కొంచెం నవ్వింది. "మీరొక్కరే."

బాగుండావా, తిన్నావా, సరే ఉంటా. ఇన్నేళ్ళ ఆ ఫోన్లకి అర్థం అంతే. ఆయన నా నుంచి తీసుకున్నది నా గొంతొక్కటే, అది కూడా మా కంపెనీ సిగ్నల్ కోసం. మా కస్టమర్ల కోసం. అడిగితే చెప్పాడు కూడా, నీ గొంతు వినపడతంది అని. నేను నమ్మలేదు.

అప్పుడు పరదా వెనక నుంచి పిన్ని మాట్లాడింది.

"పోయే రెండు రోజుల ముందు కూడా గుట్టకి పోయాడు నాయనా. మీ పెట్టె ఆగిపోయిందంట, ఏదో ఫ్యూజు మార్చాడంట. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, నీకు చేస్తే ఎత్తలా అన్నాడు. మూడోది ఇంకా వచ్చినట్టు లేదేమే, మళ్ళా పోయొస్తా అని లేచాడు. ఎండ మండిపోతంది, వద్దయ్యా అంటే వినలా. ఆ గుట్ట మళ్ళా ఎక్కాడు. లైట్లన్నీ వెలుగుతానే ఉండాయంట. మళ్ళా నీకే చేశాడంట, ఎత్తలా. ఇంక మీ కంపెనీవోళ్ళకే చేసి, రికార్డింగులు వదిలించుకుని మనిషి పలికేదాకా అరగంట ఆ ఎండలో నిలబడ్డాడంట. ఎవురో పిల్ల చెప్పండి సార్ అన్నాక పెట్టేశాడంట."

ఆ ఎండకీ ఆయన గుండె ఆగడానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. డాక్టర్ ఏమన్నాడో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

"ఎండన పడి తిరిగాడన్న కోపంతో నేనే అన్నా, ఆ అబ్బాయి కావాలనే ఎత్తలేదేమోనయ్యా అని" అంది పిన్ని. "ఎవుర్నీ నమ్మడు గదా ఆయన. ఆ పొద్దు మాత్రం నా మీద కోప్పడ్డాడు. ఆ పిల్లోడు అట్టాంటోడు గాదు, ఏదో పనిలో ఉండుంటాడులే అన్నాడు."

తర్వాత పరదా వెనక నుంచే అడిగింది. "ఆ పొద్దు చానా పని ఉండిందా నాయనా?"

"ఆఁ పిన్నీ, చానా పని" అన్నాను.

పని లేదు. యాభై ఐదు దాటిన టెక్నీషియన్లని కాంట్రాక్టరు తీసేస్తున్నాడని ఆ ఉదయమే విన్నాను. ఇక ఇవాళ తన ఉద్యోగం కాపాడమని అడుగుతాడు అనుకున్నాను. ఆఫీసు క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. టేబుల్ మీద ఫోన్ బాబాయి పేరుతో వెలిగింది. సైలెంట్‌లో ఉంది, అదురుతూ కొంచెం కొంచెంగా అంచు వైపు జరుగుతోంది. అది కింద పడకుండా ఒక వేలు అడ్డం పెట్టి, ఆగిపోయేదాకా అలాగే పట్టుకున్నాను.